కొత్త ఫ్లాట్‌కి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఏది తీసుకోవాలి?

మియాపూర్_మహి
అందరికీ నమస్తే. ఈమధ్యే మియాపూర్‌లో సొంత ఫ్లాట్‌లోకి దిగాం. మూడో అంతస్తు. నేను, మా ఆవిడ, ఐదేళ్ల పాప, మా అమ్మ. అమ్మకి మోకాళ్ల నొప్పులు, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంది. ఎండాకాలం వచ్చిందంటే చాలు, టీవీలో రోజూ ఎక్కడో ఒకచోట ఏసీ కాలిందనో, షార్ట్ సర్క్యూట్ అయిందనో వార్తలు. ఇంట్లో ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టమని మా ఆవిడ ఒకటే పోరు. ఆన్‌లైన్‌లో చూస్తే లెక్కలేనన్ని రకాలున్నాయి. పౌడర్‌దా, సీఓటూదా? ఎన్ని కిలోలది? వంటింట్లో పెట్టాలా, హాల్లోనా? తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_బాబాయ్
ఇంటికి ఏబీసీ పౌడర్‌ది (కట్టె, బట్ట, నూనె, గ్యాస్ మంటలన్నిటికీ పనికొచ్చేది) చాలు. రెండు కిలోలది తీసుకో. నాలుగు కిలోలది ఇంకా మంచిదే కానీ దాన్ని ఎత్తిపట్టి గురిపెట్టడం మీ ఆవిడ వల్ల అవుతుందా చూసుకో, నువ్వు ఆఫీసుకి పోయాక ఇంట్లో ఉండేది ఆవిడే కదా. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, గేజ్‌లో ముల్లు పచ్చ రంగు మీద ఉండాలి. స్టవ్ పక్కన మాత్రం తగిలించకు. మంట స్టవ్ దగ్గరే లేస్తే దాని మీదుగా చెయ్యి చాచాల్సి వస్తుంది. వంటింటి గుమ్మం బయట, వీధి తలుపుకి వెళ్లే దారిలో పెట్టు.

వాడటం పెద్ద విద్యేం కాదు. పిన్ను లాగు, గొట్టాన్ని మంట అడుగుకి గురిపెట్టు, పిడి నొక్కు, అటూ ఇటూ ఊపు. పైన ఎగిసే మంట మీద కొడితే పౌడరంతా దండగ. రెండు కిలోలది దాదాపు పది సెకన్లలో ఖాళీ అయిపోతుంది, అది గుర్తుపెట్టుకో.

శకటం (రాజమండ్రి)
మహి గారూ, నేను అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎక్స్‌టింగ్విషర్ కొనండి, బాబాయ్ గారు చెప్పింది సరిగ్గానే ఉంది. కానీ ఒకటి అడుగుతాను. రాత్రి రెండింటికి మీ హాల్లో మంట లేచిందనుకోండి. మీరు నలుగురూ ఎటునుంచి బయటపడతారు?

జనం మంటని చూసి భయపడతారు. ప్రాణం తీసేది చాలాసార్లు పొగ. సోఫాలో ఫోము, కర్టెన్లు, ప్లాస్టిక్ సామాన్లు కాలితే వచ్చే నల్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసనే లేదు. వాసనకి మెలకువ వచ్చేస్తుందిలే అనుకుంటారు, నిద్రలో ఉన్న మనిషి ఆ పొగ పీల్చి ఇంకా మత్తులోకి జారిపోతాడు.

2025 మే 18, ఆదివారం ఉదయం. చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది పోయారు. అందరూ బంధువులే, వాళ్లలో 8 మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన కాపురం, ఎక్కి దిగడానికి ఇరుకైన ఒకే మెట్లదారి. మంట కింద, పొగ పైకి. ఎక్కువమందిని బలిగొన్నది పొగే. 2023 నవంబరు 13న, దీపావళి మర్నాడు, నాంపల్లి బజార్‌ఘాట్ అపార్ట్‌మెంట్‌లో కనీసం 9 మంది. అక్కడా అంతే, గ్రౌండ్ ఫ్లోర్లో కెమికల్ డ్రమ్ములు, పై అంతస్తుల్లో సంసారాలు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. 8 మంది. మూడు చోట్లా మంట పుట్టింది కింద, చిక్కుకుంది పైనున్నవాళ్లు, మెట్లదారే పొగగొట్టం అయింది.

కాబట్టి ముందు ఇవి చూసి చెప్పండి. రాత్రి తలుపు తాళంచెవి ఎక్కడ పెడతారు? బాల్కనీ గ్రిల్ తెరుచుకుంటుందా? అమ్మగారు ఏ గదిలో పడుకుంటారు?

మియాపూర్_మహి
శకటం గారూ, ఇది చదివి లేచి ఇల్లంతా చూసొచ్చాను. వీధి తలుపుకి గడియ, దాని బయట ఇనుప గ్రిల్ తలుపు, దానికి తాళం. తాళంచెవి ఫ్రిజ్ మీద స్టీలు గిన్నెలో ఉంటుంది. గిన్నెలో ఇంకా చిల్లర, రబ్బరు బ్యాండ్లు, పాప జడ క్లిప్పులు, ఎప్పటివో ఏటీఎం చీటీలు. పగటిపూటే వెతుక్కోవాల్సి వచ్చింది. బాల్కనీకి పావురాల గొడవ పడలేక పాత ఓనరే పైనుంచి కిందిదాకా గ్రిల్ వేసి వెల్డింగ్ చేయించాడు. అమ్మ గది వంటింటి పక్కన, అన్నిటికన్నా చివర.

లచ్చక్క_కరీంనగర్
అయితే ఏందన్నా, గ్రిల్లులన్నీ పీకేసుకోవాలా? మా గల్లీలో పోయినేడు రెండిళ్లలో దొంగలు పడ్డారు. కోతుల బాధ వేరే. పైగా మహి అన్న ఇంట్లో ఐదేళ్ల పాప ఉందంటున్నాడు, మూడో అంతస్తు బాల్కనీకి గ్రిల్ లేకుంటే గుండె గుప్పిట్లో పెట్టుకొని బతకాలి. ఎప్పుడో అంటుకునే మంట కోసం రోజూ భయం కొని తెచ్చుకునుడెందుకు?

శకటం (రాజమండ్రి)
అమ్మా, తీసేయమనలేదు. మొత్తం గ్రిల్‌లో ఒక్క భాగం, మనిషి భుజాలు పట్టేంత, తలుపులా తెరుచుకునేలా చేయించి తాళం వేసుకోమంటున్నాను. తాళంచెవి అదే గోడకి మేకుకి వేలాడాలి. పెద్దవాళ్ల చేతికి అందాలి, పాపకి అందకూడదు, బయటనుంచి చెయ్యి పెడితే దొరకకూడదు. ఆ చెవిని ఇంకే పనికీ వాడకూడదు. వాడారా, ఒకరోజు అది ఎవరి జేబులోనో ఊరెళ్లిపోతుంది.

ఇంకో మాట. మూడో అంతస్తు నుంచి ఎవరూ దూకకూడదు. ఆ గ్రిల్ తలుపు దూకడానికి పెట్టింది కాదు. మెట్లనిండా పొగ ఉంటే గదిలోకి వెళ్లి తలుపు మూసి, కింద సందులో తడి బట్ట కుక్కి, అక్కడ నిలబడి గాలి పీల్చడానికి, టార్చో ఫోన్ లైటో ఊపి కింద ఉన్నవాళ్లకి కనబడటానికి, మావాళ్లు నిచ్చెన వేస్తే దిగడానికి. వెల్డింగ్ గ్రిల్ అయితే మా సిబ్బంది కట్టర్‌తో కోయాలి. పక్కింటివాళ్లు చూస్తూ ఉండగా లోపల మనుషులు ఊపిరాడక వాలిపోవడం నేను చూశాను. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

చిత్తూరు_మేస్త్రి
గ్రిల్లులు చేసేవాణ్ణి కాబట్టి చెప్తాండా. ఉన్న గ్రిల్లునే కోసి బందులు పెట్టచ్చు, కొత్తది అక్కర్లేదు. బయటికి తెరుచుకునేలా పెట్టమనండి. లోపలికి పెడితే ఆర్నెల్లకి మంచమో బీరువానో తెచ్చి అడ్డం పెడతారు. వానాకాలం పోయినాక బందులకి గ్రీసు పూయండి, అప్పుడప్పుడు తెరవండి. తుప్పు పట్టి బిగుసుకుంటే వెల్డింగ్‌కీ దానికీ తేడా లేదు.

డల్లాస్_వదిన
ఇక్కడ చట్టం ప్రకారం పడకగదుల్లో స్మోక్ అలారాలు ఉండాలి కాబట్టి ఉంటాయి. మన తెలుగు ఇళ్లలో వాటి గతి చెప్పనా? ఎండుమిరపకాయ పోపులో పడగానే అది కూస్తుంది, పిల్లాడు లేస్తాడు, ఆయన కుర్చీ ఎక్కి బ్యాటరీ పీకేస్తాడు. తర్వాత పెట్టేవాళ్లు ఉండరు. కొందరైతే స్నానం టోపీ తొడిగేస్తారు, పార్టీకి వెళ్లిన ఇంట్లో నా కళ్లతో చూశాను.

పీకక్కర్లేదు. స్టవ్‌కి కనీసం పది అడుగుల దూరంలో బిగిస్తే గోల తగ్గుతుంది. కాసేపు నోరు మూయించే బటన్ కూడా దానికి ఉంటుంది. నెలకోసారి బటన్ నొక్కి చూడాలి, పదేళ్లకి మొత్తం అలారమే మార్చేయాలి. ఇండియాలో కూడా బ్యాటరీ మీద నడిచేవి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, మా అత్తగారింటికి తెప్పించాం. పడకగదుల దగ్గర పెట్టుకోండి, వంటింట్లో వద్దు.

ఇంకోటి, రాత్రి పడకగది తలుపులు మూసుకుని పడుకోమని ఇక్కడ పిల్లలకి స్కూల్లో చెప్తారు. మూసిన తలుపు పొగని, వేడిని చాలాసేపు ఆపుతుంది.

బెజవాడ_బాబాయ్
వదినా, అది మీకు సాగుతుంది. మా ఇంట్లో నాన్నకి ఎనభై దాటాయి. రాత్రి దగ్గినా, మంచం దిగినా నాకు వినపడాలి. తలుపు మూసుకుని పడుకుంటే ఆయన బాత్రూంలో జారిపడినా తెల్లారేదాకా తెలియదు. మంట ఎప్పుడో, ఈ భయం ప్రతి రాత్రీ.

డల్లాస్_వదిన
మీరన్నదీ నిజమే బాబాయ్ గారూ. మా అత్తగారూ ఒప్పుకోలేదు.

శకటం (రాజమండ్రి)
పెద్దవాళ్లున్న ఇంట్లో పడకగది తలుపు తెరిచి ఉంచుకోండి, వంటింటి తలుపు మూయండి. వంటింటికి తలుపే లేని ఇళ్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి, ఓపెన్ కిచెన్ అంటున్నారు. అలాంటిచోట అలారం తప్పనిసరి అనుకోండి.

మహి గారూ, కుదిరితే మీ అమ్మగారిని వీధి తలుపుకి దగ్గరున్న గదిలోకి మార్చండి. ఆవిడని ఎవరు పట్టుకోవాలి, పాపని ఎవరు ఎత్తుకోవాలి అన్నది ముందే అనుకోండి. లేకపోతే ఇద్దరూ పాప దగ్గరికే పరిగెత్తుతారు. ఇది ఎవరి తప్పూ కాదు, అలాగే జరుగుతుంది. నడవలేనివాళ్లని దుప్పటి మీద పడుకోబెట్టి తలవైపు నుంచి లాగితే ఒక్క మనిషైనా గుమ్మం దాటించగలడు.

పాపకి రెండు చెప్పండి. ఒకటి, పొగ వస్తే పాకుతూ రావాలి, నేల దగ్గర గాలి కాస్త మేలుగా ఉంటుంది. రెండోది దీనికన్నా ముఖ్యం, మంచం కిందా బాత్రూంలోనూ దాక్కోకూడదు. పిల్లలు భయపడితే చేసే మొదటి పని అదే. మేం లోపలికి వెళ్తే ముందు మంచాల కింద, బీరువాల సందుల్లో తడుముతాం.

ఓరుగల్లు_కరెంట్
ఇళ్లకి వైరింగ్ చేస్తాను. ఏది కాలినా పేపర్లో షార్ట్ సర్క్యూట్ అని రాస్తారు, నాకు కనిపించేది మాత్రం ఎక్కువసార్లు లూజ్ కనెక్షనే. స్క్రూ వదులైతే అక్కడ వేడి పుడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది, ఒకరోజు అంటుకుంటుంది. నెలల తరబడి మీకు సైగ చేస్తూనే ఉంటుంది. ఏసీ స్విచ్ ఆపేసి ప్లగ్గు ఊడదీయండి. పిన్నుల మొదట్లో గోధుమరంగు మచ్చ ఉందా? సాకెట్ బెజ్జాల చుట్టూ తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కిందా? ఏసీ గంట నడిచాక ప్లగ్గు పట్టుకుంటే చెయ్యి వెంటనే తీసేసేంత వేడిగా ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సాకెట్, ప్లగ్ రెండూ మార్పించాలి. ఒకటి మార్చి ఒకటి ఉంచితే పాతది కొత్తదాన్ని కూడా కాలుస్తుంది.

లెక్క చెప్తా చూడండి. 1.5 టన్నుల ఏసీ బాగా పనిచేస్తున్నప్పుడు 7, 8 ఆంపియర్లు లాగుతుంది. 2000 వాట్ల గీజర్ 9 దాకా. మార్కెట్లో దొరికే ఎక్స్‌టెన్షన్ బాక్సులు చాలావరకు 6 ఆంపియర్లవి. పెళ్లికి చుట్టాలొచ్చారని హాల్లో కూలర్, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్ ఒకే బాక్సుకి తగిలిస్తారు, పైన తివాచీ కప్పుతారు. ఏసీ, గీజర్ దేనికైనా బోర్డు నుంచి వేరే లైను, 16 ఆంపియర్ల సాకెట్.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని ఫోన్ చేస్తారు, "పెద్దది వేసెయ్ అన్నా" అంటారు. ఎంసీబీ ఉన్నది గోడలోని వైరుని కాపాడటానికి. 16 తీసేసి 32 పెడితే అది పడదు, వైరు కాలుతుంది. పాత ఇళ్లలో ఫ్యూజ్‌కి మందపు రాగితీగ నాలుగు చుట్లు చుట్టడం కూడా ఇదే బాపతు. ఒప్పుకునే పనివాణ్ణి మార్చేయండి.

మీటర్ తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంచేసే స్విచ్) ఉందో లేదో చూడండి, దానికో చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే అది అలంకారానికి ఉన్నట్టే.

లచ్చక్క_కరీంనగర్
అన్నా, మా ఏసీ బయటి డబ్బా మీద పావురాలు గూడు కట్టినయ్. దానికేమన్నా అయితదా?

ఓరుగల్లు_కరెంట్
అయితదక్కా. ఎండు పుల్లలు, ఈకలు, కింద వైరు కనెక్షన్. ఎలుక వైరు కొరికితే అంటుకోవడానికి సామగ్రి అంతా అక్కడే సిద్ధం. ఎండాకాలం సర్వీసింగ్‌కి వచ్చినవాడితో బయటి యూనిట్ మూత తీయించి వైర్లు బిగించమనండి. వాళ్లు లోపలి జాలి కడిగి డబ్బులు తీసుకుని పోతారు, మీరు అడిగితేనే బయటిది ముడతారు.

తెనాలి_శారద
ఎలుకంటే గుర్తొచ్చింది. దేవుడి గదిలో వెలుగుతున్న వత్తిని ఎలుక లాక్కుపోవడం మా వీధిలో నిజంగా జరిగింది. నూనె వాసనకి వస్తుందట. పట్టుబట్టల బీరువా కిందికి ఈడ్చుకుపోయింది. కార్తీకమాసంలో దీపం పెట్టి గుడికి వెళ్లిపోతాం కదా, కొండెక్కేదాకా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. లేదా ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో కుంది పెట్టండి, పైన గాజు చిమ్నీ పెట్టండి. కర్టెన్ దగ్గర, చెక్క మందిరం లోపల పై అర ఉన్నచోట అసలొద్దు.

గుంటూరు_పిన్ని
గ్యాస్ గురించి ఎవరూ ఎత్తలేదేం? మన ఇళ్లలో అసలు భయం అదే.

గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయిని గుమ్మంలోంచే పంపించేయకండి. సీల్ తీయించండి, మూత తీశాక లోపల నల్ల రబ్బరు వాషర్ ఉందో లేదో చూడండి. మూతి దగ్గర నాలుగు చుక్కలు నీళ్లు పోయిస్తే, బుడగలు లేచాయంటే ఆ బండ వెనక్కే. ప్లాస్టిక్ మూత దారంతో బండకే కట్టి ఉంటుంది, దాన్ని తెంపి పారేయకండి. లీకైనప్పుడు రెగ్యులేటర్ తీసి బిగించాల్సింది దాన్నే. ట్యూబ్ మీద తయారైన సంవత్సరం ముద్రించి ఉంటుంది, సురక్ష ట్యూబ్ అయిదేళ్లకి మార్చేయాలి. అగ్గిపుల్ల గీసి లీకు చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు మహాతల్లులు. సబ్బునీళ్లు రాస్తే చాలు కదా.

వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలమీద పరుచుకుంటుంది. మాడ్యులర్ కిచెన్ అని బండని తలుపుల అరలో పెట్టి బిగించేస్తున్నారు. ఆ అర తలుపుకి అడుగున గాలి పోయే బెజ్జాలు లేకపోతే లీకైన గ్యాసంతా అక్కడే నిలవుంటుంది, పొద్దున తలుపు తీసి లైటర్ నొక్కుతారు. మా చెల్లెలింట్లో వడ్రంగి మేస్త్రి అందం పోతుందని బెజ్జాలు పెట్టలేదు. గొడవపడి పెట్టించాను.

రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయండి. స్టవ్ నాబ్ మాత్రం కడితే సరిపోదు.

ఆస్టిన్_సాయి
పిన్ని గారూ, రాత్రి లేచేసరికి గ్యాస్ వాసన గుప్పుమంటే? ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే గ్యాస్ బయటికి పోతుంది కదా? అమ్మ ఒక్కతే ఉంటుంది నరసరావుపేటలో, అందుకని అడుగుతున్నా.

శకటం (రాజమండ్రి)
వేయకూడదు బాబూ. ఏ స్విచ్చీ వేయకూడదు, ఉన్నది ఆపకూడదు కూడా. స్విచ్ లోపల పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. ఫ్రిజ్ దానంతటదే ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉంటుంది, అందుకే వంటింట్లో గ్యాస్ పక్కన ఫ్రిజ్ పెట్టొద్దంటాం. అమ్మగారికి ఇలా చెప్పండి: లైటు వేయకుండా తలుపులు, కిటికీలు తెరవాలి. చెయ్యగలిగితే రెగ్యులేటర్ తీసి మూత బిగించాలి. దేవుడి దీపం ఉంటే ఆర్పేయాలి. తర్వాత వీధిలోకి వెళ్లి, అక్కడినుంచి 1906కి ఫోన్ చేయాలి. అది గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు, పగలూ రాత్రీ పనిచేస్తుంది. మంట అంటుకుంటే 101 లేదా 112. పేపరు మీద పెద్ద అక్షరాలతో రాసి వీధి తలుపు వెనక అంటించండి. ఫోన్లో సేవ్ చేసిన నంబర్లు కంగారులో వెతకలేరు.

గ్యాస్ లీక్ డిటెక్టర్ కొనేవాళ్లు ఇది చూసుకోండి. బండ వాడేవాళ్లు దాన్ని నేలకి ఒక అడుగు ఎత్తులోపు బిగించాలి. పైపు గ్యాస్ వచ్చినవాళ్లది మీథేన్, గాలికన్నా తేలిక, కాబట్టి పైకప్పు దగ్గర బిగించాలి. ఈమధ్య బండ నుంచి పైపుకి మారినవాళ్లు డిటెక్టర్‌ని కిందే ఉంచేస్తున్నారు.

వాట్సాప్_వీరుడు
సిలిండర్ మీద ఏ-24, బీ-25 అని రాసి ఉంటుంది. అది ఎక్స్‌పైరీ డేట్!! దాటితే బాంబులా పేలుతుంది!! అందరికీ షేర్ చేయండి!!

మోడరేటర్
వీరుడు గారూ, ఆశ్చర్యార్థకాలు తగ్గించండి. అది గ్యాస్ గడువు కాదు, బండని మళ్లీ పరీక్షకి పంపాల్సిన తేదీ. ఏ అంటే జనవరి-మార్చి, బీ ఏప్రిల్-జూన్, సీ జూలై-సెప్టెంబరు, డీ అక్టోబరు-డిసెంబరు. పక్కనున్నది సంవత్సరం. తేదీ దాటిన బండ ఇస్తే వద్దని వెనక్కి పంపే హక్కు మీకుంది. మీ పోస్టులో పనికొచ్చే ముక్క అదొక్కటే కాబట్టి తీసేయకుండా ఉంచుతున్నా.

సిస్టర్_కర్నూలు
బర్న్స్ వార్డులో నర్సుని. మా దగ్గరికి వచ్చేసరికి గాయం మీద ఏముంటుందో తెలుసా? టూత్‌పేస్ట్, పసుపు, సిరా, దోసెపిండి, ఒక్కోసారి పేడ. ముందు అదంతా కడగడమే ఒక నరకం, రోగికీ మాకూ. కాలిన వెంటనే కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు పారనివ్వండి. ఐసు వద్దు. గాజులు, ఉంగరాలు, మొలతాడు వాపు రాకముందే తీసేయండి. చర్మానికి అతుక్కున్న బట్టని లాగొద్దు. శుభ్రమైన నూలు పంచె వదులుగా కప్పి 108 పిలవండి.

ఒంటికి నిప్పంటుకుంటే పరిగెత్తకూడదు. నేలమీద పడి దొర్లాలి, పక్కనున్నవాళ్లు మందపాటి దుప్పటి కప్పాలి. నైలాన్, పాలిస్టర్ దుప్పట్లు కరిగి అంటుకుంటాయి. ఇంట్లో గొంగడి ఉంటే అంతకన్నా మంచిది లేదు, ఉన్ని తొందరగా అంటుకోదు. సింథటిక్ చీర, నైటీ పైన చున్నీ వేసుకుని పొయ్యి దగ్గర నిలబడేవాళ్లు మా వార్డులో ఎక్కువ. వంట చేసేటప్పుడు నూలు కట్టుకోండి, కొంగు దోపుకోండి.

గుంటూరు_పిన్ని
మూకుట్లో నూనె అంటుకుంటే ఏం చేయాలో కూడా చెప్పండి సిస్టర్. మా కోడలు నీళ్లు పోయబోయింది.

సిస్టర్_కర్నూలు
స్టవ్ ఆపి, పళ్లెమో పెద్ద మూతో పక్కనుంచి జరుపుతూ కప్పేయాలి. పూర్తిగా చల్లారేదాకా తెరవకూడదు. నీళ్లు పోస్తే క్షణంలో ఆవిరై కాగే నూనెని ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. మూకుడు ఎత్తుకుని బయటికి పరిగెత్తినవాళ్ల చేతులు, కాళ్లు కాలతాయి.

ఈవీ_రైడర్
2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో రాత్రి ఇంట్లో స్కూటర్ బ్యాటరీ ఛార్జింగ్ పెట్టి పడుకుంటే పేలి మనుషులు పోయారు. ఆ తర్వాతైనా మారామా? మా అపార్ట్‌మెంట్లో ఇప్పటికీ బ్యాటరీ పైకి తెచ్చి మంచం పక్కన పెట్టుకునేవాళ్లున్నారు. పడుకున్నాక ఛార్జింగ్ వద్దు, వీధి తలుపు దగ్గర అసలే వద్దు, అంటుకుంటే ఉన్న ఒక్క దారీ పోతుంది. దానితో వచ్చిన ఛార్జరే వాడండి. కిందపడి సొట్టపోయినా, ఉబ్బినా, నీళ్లలో మునిగినా ఇంట్లోకి తేవద్దు. లిథియం బ్యాటరీ అంటుకున్నాక పౌడర్ కొట్టినా మళ్లీ రాజుకుంటుంది. తలుపేసి బయటికి రావడమే.

బెంగళూరు_తెలుగోడు
మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో నేను ట్రెజరర్‌ని, నా గోడు వినండి. మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, పాత పరుపులు, పిల్లల సైకిళ్లు, ఒకరైతే వాషింగ్ మెషీన్ అట్టపెట్టె. ఫైర్ డోర్ దానంతటది మూసుకోవాలి, గాలి రావట్లేదని ఇటుక అడ్డం పెడతారు. హోస్ పెట్టె తెరిస్తే గొట్టం ఉంది, ఇత్తడి నాజిల్ లేదు. టెర్రస్‌కి తాళం, చెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకి. ఫైరింజన్ తిరగాల్సిన చోట విజిటర్స్ పార్కింగ్ గీతలు. మీటింగ్‌లో ఇవన్నీ ఎత్తితే "మా ఫ్లోర్లో ఒక్క స్టాండే కదా" అంటారు.

శకటం (రాజమండ్రి)
స్టేషన్‌కి వెళ్లి అడగండి, వచ్చి చూపిస్తారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో ఏప్రిల్ 14నే బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ పోయిన మావాళ్ల జ్ఞాపకార్థం. ఆ వారంలో కాలనీల్లో, స్కూళ్లలో డెమోలు పెడతారు, తడి గోనెసంచితో బండ మంట ఎలా ఆర్పాలో మీ చేతే చేయిస్తారు. మెట్ల సామాన్ల సంగతి యూనిఫాం వేసుకున్న మనిషి చెబితే అసోసియేషన్ చెప్పినదానికన్నా తొందరగా కదులుతుంది. మాకు అనుభవమే.

కోనసీమ_కుర్రాడు
అందరూ ఫ్లాట్ల గురించే. మా లంకలో ఇప్పటికీ తాటాకు ఇళ్లున్నాయండి. ఎండాకాలం గాలి లేచాక ఒక ఇల్లు అంటుకుంటే వరసంతా పోతుంది. మా నాన్నమ్మ గాలి లేవకముందే పొద్దున్నే వండేసి, పొయ్యిలో నిప్పుల మీద నీళ్లు చల్లేది. బూడిద పెంటమీద పోసే ముందు కూడా తడపాలి, లోపల కణిక రాత్రిదాకా బతికుంటుంది. గడ్డివాము ఇంటికి ఆనించి వేయకండి. ఫైరింజన్ పంటు (బల్లకట్టు) మీద ఏరు దాటి రావాలి మాకు, కాబట్టి నీళ్ల డ్రమ్ములు, ఇసుక బకెట్లు మేమే పెట్టుకుంటాం. పాసుపుస్తకం, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు రేకుపెట్టెలో గుమ్మం దగ్గరే ఉంటాయి. ఇల్లు కాలినాక ప్రభుత్వ సాయానికి మొదట అడిగేది కాగితాలే.

మియాపూర్_మహి
అందరికీ థాంక్స్. ఆదివారం మేస్త్రి వచ్చి గ్రిల్ కోస్తున్నాడు. తాళంచెవి గిన్నెలోంచి మేకుకి ఎక్కింది. రాత్రి లైట్లు ఆపేసి అందరం తలుపుదాకా వెళ్లి చూశాం. అమ్మ హాల్లో టీపాయ్‌కి తగులుకుంది, దాన్ని గోడ పక్కకి నెట్టాం. కింద గేటు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు దగ్గర కలవాలని అనుకున్నాం, పాపకి ఆ కొట్టు బాగా తెలుసు. మా ఆవిడ ఒకటి అడగమంది. గ్యాస్ ప్రమాదానికి ఇన్సూరెన్స్ ఉంటుందట, నిజమేనా? డబ్బు కట్టాలా?

గుంటూరు_పిన్ని
నిజమే నాయనా. మన పేరుతో కనెక్షన్ ఉంటే వేరే కట్టక్కర్లేదు, ఆయిల్ కంపెనీలే పాలసీ తీసుకుంటాయి. ప్రమాదంలో మనిషి పోతే 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, రిజిస్టర్ అయిన ఇంటికి ఆస్తి నష్టం 2 లక్షల దాకా. జరిగిన వెంటనే గ్యాస్ డీలర్‌కి రాతపూర్వకంగా తెలపాలి, ఎఫ్‌ఐఆర్, ఆస్పత్రి బిల్లులు, ఫైర్ వాళ్ల రిపోర్టు దాచుకోవాలి. నువ్వు ఇల్లు మారావు కదా, కనెక్షన్ కొత్త అడ్రస్‌కి మార్పించావా? ఆస్తి నష్టం రిజిస్టర్ అయిన అడ్రస్‌కే ఇస్తారు.

మియాపూర్_మహి
ఇంకా పాత అడ్రసే పిన్ని గారూ. రేపు ఏజెన్సీకి వెళ్తున్నా.